మూత తీసే ముందు

రెండేళ్లు నిండినా మా వాడికి పది మాటలు రాలేదు. "మగపిల్లలకు ఆలస్యమేనే, నీ తమ్ముడు మూడో ఏట గానీ నోరు విప్పలేదు" అని విశాఖ నుంచి అమ్మ ఫోనులో కొట్టిపారేసింది. మేముండే న్యూజెర్సీలో ఎదుగుదల ఆలస్యమైన మూడేళ్ల లోపు పిల్లల కోసం 1986 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దాని కింద స్పీచ్ థెరపిస్టు వారానికోసారి వాడి డేకేర్‌కే వచ్చేది. వాడిని పక్క గదికి తీసుకెళ్తుందనుకున్నాను. తీసుకెళ్లలేదు. పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, "పాలు పోసే ముందు ఐదు లెక్కపెట్టు, వాడి ముఖం చూస్తూ ఉండు" అని టీచరుకు నేర్పేది. తాను ఉండేది గంటే, రోజంతా ఉండేది టీచరు కదా! ఇంట్లో తెలుగు మానవద్దని, రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదని కూడా ఆమే చెప్పింది.

ఈ వేసవికి ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గరికి వచ్చాం. ఇక్కడ ఒక క్లినిక్‌లో తలుపు మూసి నలభై నిమిషాలు వాడితో మాటలు చెప్పించారు. నేను బయట చెప్పుల పక్కన కూర్చున్నాను. చివర్లో "ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి" అన్నారు. మరి అమ్మమ్మతో వాడు ఏ భాషలో పేచీ పెట్టాలి? ఫీజు కట్టి వచ్చేశాను, మళ్లీ వెళ్లలేదు.

వెతగ్గా వెతగ్గా ఒక థెరపిస్టు ప్లేస్కూలుకే రావడానికి ఒప్పుకుంది. అక్కడి ఆయా అంతకు ముందు అంగన్‌వాడీలో పనిచేసింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలను పరీక్షిస్తుంటే పక్కనుండి చూసిందట. నేను నోరు తెరవకముందే, మొదటి రోజే, "బాబు వేలితో చూపిస్తున్నాడు గానీ అడగడం లేదమ్మా" అంది.

అయినా జంతికల డబ్బా పట్టుకుని వాడు నాలుగడుగులు వేసేసరికి ఆమే ఎదురెళ్లి మూత తీసేసేది. కాసేపు ఆగమని థెరపిస్టు చెబితే ఆయాకు కోపం వచ్చింది.

"ఆకలేసిన బిడ్డను అడుక్కోమంటారా అమ్మా?"

నాకు నోట మాట రాలేదు. అడగకముందే పెట్టడమే మన ఇళ్లలో ప్రేమ. నేనూ అలాగే పెరిగాను. థెరపిస్టు మాత్రం నవ్వి, "అడుక్కోవడం కాదు, మనకు పని చెప్పడం నేర్పుదాం" అంది.

ఆ మాట ఆయాకు నచ్చింది. మర్నాటి నుంచి సొంత నాటకం మొదలుపెట్టింది. గాజులు గలగలలాడేలా మూతతో కుస్తీ పట్టి, "రాదే! అయ్యో, రాదే!" అని వాడి వైపు చూసి ఆగేది. మూడో వారంలో వాడు ఆమె చేతి మీద చెయ్యి వేసి "తీ" అన్నాడు. ఆమె ఆ ఒక్క రోజే డబ్బా నాలుగుసార్లు మూసిందట.

ఇంట్లో అమ్మకూ చెప్పాను. ఆవిడ ఒకటి నుంచి ఐదు దాకా ఒక్క గుక్కలో లెక్కపెట్టేసి మూత తీసేస్తోంది.