గూడూరు టీకా కార్డు

శుక్రవారం, 11 జూలై 2025. పెరంబూరు, చెన్నై.

పొద్దున ఎనిమిదిన్నరకి మొదలైన వెతుకులాట పదకొండుంబావుకి గాని తెమల్లేదు. బీరువా అయింది, అటక అయింది, మంచం కింది ట్రంకు పెట్టె అయింది, ఈయన ఇన్సూరెన్స్ కాగితాల ఫైలు అయింది. ఆఖరికి నా ఆది జాకెట్ల సంచీ కూడా బోర్లించాం. ఇంతా చేసి కావలసింది అరచేతికన్నా కొంచెం పెద్ద అట్టముక్క. మా అమ్మాయి పసిగుడ్డుగా ఉన్నప్పుడు గూడూరులో ఇచ్చిన టీకాల కార్డు.

ఇరవై రెండేళ్ళ పిల్లకి ఇప్పుడు టీకా కార్డేమిటని ఎదురింటి మామి కూడా అడిగింది. సెప్టెంబరులో జర్మనీ పోతోంది మరి. చదువుకా అంటే కాదు. ఉద్యోగానికా అంటే కాదు. ఈ రెండు జవాబులూ విన్నాక అవతలివాళ్ళు కాసేపు ఆగి నావైపు జాలిగా చూస్తారు, ఏదో సంబంధం తప్పిపోయినట్టు. ఎర్ఫుర్ట్ అనే ఊళ్ళో ఒక కిండర్‌గార్టెన్‌లో ఏడాదిపాటు వాలంటీరుగా చెయ్యబోతోంది. అంటే మూడేళ్ళ పిల్లలకి బూట్లు తొడగడం, మూతులు తుడవడం, కథలు చదివి వినిపించడం, మధ్యాహ్నం పడుకోబెట్టడం. మా ఇంట్లో తిన్న కంచం తియ్యమంటే మూడుసార్లు కేకెయ్యాలి.

వాళ్ళ దగ్గర ఇదొక పద్ధతి. స్వచ్ఛంద సామాజిక సంవత్సరం అని పేరు, 1964 నుంచి దానికో చట్టం కూడా ఉంది. 27 నిండనివాళ్ళు ఆసుపత్రిలోనో, ముసలివాళ్ళ హోములోనో, చిన్నపిల్లల బడిలోనో ఒక ఏడాది పనిచెయ్యొచ్చు. జీతం ఉండదు. చేతిఖర్చుకి కొంత ఇస్తారు, ఆరోగ్య బీమా వాళ్ళదే, ఉండటానికి గది కూడా చూపిస్తున్నారు. ఏడాదిలో 25 రోజులు శిక్షణకి పంపుతారు. విమానం టికెట్ మాత్రం మనదే. 2011లో అక్కడ కుర్రాళ్ళకి నిర్బంధ సైనిక సేవ ఆపేశాక ఇంకో పథకం పెట్టారట, దానికి వయసు పట్టింపు లేదు. "అయితే నేనూ రావచ్చన్నమాట" అన్నాను. "ముందు జర్మన్ భాషలో బి వన్ పరీక్ష పాసవ్వు" అంది అమ్మాయి. రెండేళ్ళు సాయంత్రాలు నుంగంబాక్కం తిరిగి నేర్చుకుంది కదా, ఆ మాత్రం పొగరు ఉంటుంది.

కార్డు ఏమైనా తన దగ్గర ఉందేమోనని మధ్యలో మా అమ్మకి ఫోన్ చేశాను.

"ఏందమ్మే, నా కాడ యాడుంటాది? బిడ్డని ఎత్తుకోని రైలెక్కినప్పుడు నువ్వే గదా సంచిలో పెట్టుకున్నావు."

"సరేలే అమ్మా, దొరుకుతుందిలే."

"అయినా వాళ్ళ బిడ్డల్ని చూసుకునేదానికి వాళ్ళకి మనుషులు లేరా? ఇంత చదివిచ్చి ఆయా పనికి పంపతా ఉండావా?"

నిజం చెప్పాలంటే ఇదే మాట మొదట నా నోట్లోంచే వచ్చింది, ఫిబ్రవరిలో. సైకాలజీలో డిగ్రీ చేసిన పిల్ల. అందుకే ఇప్పుడు అమ్మని గట్టిగా అనలేకపోయాను. మాట మార్చడానికి, అక్కడ పిల్లలు టీచరమ్మల్ని కూడా పేరు పెట్టి నువ్వు అనే పిలుస్తారట అని చెప్పాను. మిస్సు లేదు, మేడమ్ లేదు, అక్క లేదు. అది ఇంకా తప్పయింది. "మర్యాద తెలీని బిడ్డలు" అని ఫోన్ పెట్టేసింది.

కిండర్‌గార్టెన్ అన్న పేరు పుట్టింది కూడా ఎర్ఫుర్ట్ ఉన్న రాష్ట్రంలోనేనట. ఫ్రోబెల్ అనే ఆయన 1840లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో తన బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టాడు. మా అమ్మాయి ఇలాంటివన్నీ అన్నం తింటూ చెబుతుంది. నాకు వాటన్నిటికన్నా నచ్చింది బురద ప్యాంటు. వాన పడ్డా పిల్లల్ని లోపల కూర్చోబెట్టరట, బట్టలమీద ఈ ప్యాంటు తొడిగి బయటికి వదిలేస్తారు. భుజాలమీదికి పట్టీలు, పాదం కింద ఇంకో పట్టీ. ఫోన్లో ఫోటో పెద్దది చేసి చూశాను. ఎక్కడా కుట్టు లేదు! సూది దిగితే ఆ రంధ్రంలోంచి నీళ్ళు దిగుతాయని అంచులు వేడితో అతికించేశారు. ముప్ఫయ్యేళ్ళుగా మిషన్ తొక్కుతున్నదాన్ని, కుట్టకపోవడం కూడా ఒక పనితనమే అని ఇప్పుడు చూశాను.

సరే, కార్డు సంగతి. రెండు వారాల కిందట ఆ బడివాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది. రెండు కాగితాలు కావాలి. ఒకటి, ఇక్కడ మన మీద ఏ కేసూ లేదని పోలీసుల కాగితం. రెండు, తట్టు (మీజిల్స్) టీకా రెండు డోసులు పడినట్టు రుజువు. అక్కడ 2020 మార్చి 1 నుంచి చట్టమట. 1970 తర్వాత పుట్టినవాళ్ళెవరైనా సరే, తట్టు రాదని రుజువు చూపించకపోతే పిల్లల బడిలో పనిచెయ్యడానికి వీల్లేదు. టీచరైనా, వంటామె అయినా, మా అమ్మాయిలా ఊరికే సాయానికి వచ్చిన వాలంటీరైనా అంతే.

పోలీసు కాగితానికి అప్లై చేశాక పోయిన వారం ఒక పోలీసాయన ఇంటికొచ్చాడు. కాఫీ తాగి మర్యాదగానే వెళ్ళాడు. మెట్ల దగ్గర నిలబడి కింది వాటా వాళ్ళని అడిగిన ప్రశ్నలకి మాత్రం సాయంత్రం దాకా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి ఏమైంది ఏమైంది అని నన్ను నమిలారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. డబ్బు తీసుకోకుండా వాళ్ళ పిల్లలకి చాకిరీ చెయ్యడానికి పోతుంటే ఈ సోదాలేమిటి? మా పిల్ల వల్ల వాళ్ళ పిల్లలకి రోగాలు అంటుకుంటాయా?

కార్డు చివరికి నా పెళ్ళి పట్టుచీర మడతలో దొరికింది. ఎవరు పెట్టారంటే నేనే పెట్టుంటాను, పోకూడదనుకున్నవన్నీ ఆ చీరలోకే పోతాయి. గులాబీ రంగు వెలిసి ముక్కుపొడుం రంగుకి వచ్చింది. మడత దగ్గర చినిగితే అప్పట్లో అంటించిన టేపు పసుపెక్కి, ముట్టుకుంటే పొలుసులా ఊడొచ్చింది. బిడ్డ పేరు అన్న చోట పేరు లేదు, నా పేరు రాసి పక్కన "ఆడ" అని ఉంది. పురుటి నెలలో రాసింది కదా, పేరు ఇంకా పెట్టలేదు. దాని కింద బి.సి.జి., మూడు పోలియో, మూడు డి.పి.టి., నర్సమ్మ ఎర్ర సిరాతో వేసిన తేదీలు. అన్నిటికన్నా కింద తట్టు, అక్టోబర్ 2003. అప్పుడు మా చిన్నాన్న కూతురి పెళ్ళికని గూడూరు వెళ్ళి ఉన్నాను. తొమ్మిదో నెల. టీకా వేశాక ఏడుపు ఆపడానికి నర్సమ్మ బల్లమీది గంట మోగించింది. ఆ గంట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు, కార్డు పట్టుకోగానే వినిపించింది.

తట్టుకి ఒక్కటే గీత. రెండోది లేదు.

మధ్యాహ్నం మేమిద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ముందర పదిమంది ఉన్నారు. బెంచీమీద కూర్చుని నేను మళ్ళీ అందుకున్నాను. "మీ అత్త కొడుకు పోయినేడు కంబోడియా పోలేదా? వాణ్ణెవరడిగారు ఈ కార్డులన్నీ?"

వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. మూడు వారాలు సెలవు పెట్టి, డబ్బు కట్టి, అక్కడొక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లిష్ చెప్పి వచ్చాడు. భుజాలమీద ఒక పిల్లాణ్ణి ఎక్కించుకున్న ఫోటో మా బంధువుల గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు.

"అదే కదమ్మా. వాణ్ణి పోలీసు కాగితం అడగలేదు, టీకా అడగలేదు. క్రెడిట్ కార్డు అడిగారు."

తర్వాత తను చెప్పింది విని నాకు కడుపులో ఎలాగో అయింది. 2005 నుంచి 2010 లోపల కంబోడియాలో అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయట. యుద్ధాలూ కరువులూ ఉన్న కాలం కాదది. వాటిలో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారట. చెప్పింది యూనిసెఫ్ వాళ్ళు. మరి ఎందుకు పెరిగాయంటే, చూడటానికి వచ్చేవాళ్ళు పెరిగారు. వచ్చేవాళ్ళు డబ్బిస్తారు, డబ్బు రావాలంటే పిల్లలు కనపడాలి. చదువు చెప్పిస్తాం, తిండి పెడతాం అంటే పేద తల్లులు నమ్మి పంపిస్తారు. మూడు వారాలకో అన్నయ్య వస్తాడు, ఎత్తుకుంటాడు, వెళ్ళిపోతాడు. తర్వాత ఇంకొకడు. మా వాడు మంచివాడే, చెడు ఉద్దేశంతో పోలేదు, నేనే పెంచినట్టు పెరిగాడు. కానీ ఆ ఫోటోలో పిల్లాడి పేరేమిటని వాణ్ణి మేం ఒక్కళ్ళం కూడా అడగలేదు. నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను దానికి.

ఎర్ఫుర్ట్‌లో ఇంతకన్నా ముచ్చటైన పిల్లలున్నా తను ఒక్క ఫోటో పంపదట. తల్లిదండ్రులు రాసి ఇస్తే తప్ప తియ్యకూడదు. నవంబరులో పిల్లలంతా కాగితం లాంతర్లు చేసుకుని చీకటి పడ్డాక పాడుకుంటూ వీధుల్లో నడిచే పండుగ ఉందని చెప్పినప్పటి నుంచి ఆ ఫోటోల కోసమే చూస్తున్నాను. ఇంచుమించు మన కార్తీకమాసం రోజులే. పోనీలే, లాంతరు ఒక్కటే తీసి పంపమన్నాను.

డాక్టరమ్మ కార్డు తిప్పి చూసి తమిళంలో అడిగింది. ఒక్కటే ఉందే, రెండోది? మన దేశంలో తట్టుకి రెండో డోసు ప్రభుత్వం మొదలుపెట్టిందే 2010లో కదా, ఈ అమ్మాయికి ఆ వయసులో ఉండే అవకాశం లేదు అని తనే జవాబు చెప్పుకుంది. మళ్ళీ తనే, "2017లో స్కూల్లో వేసి ఉంటారే? పదిహేనేళ్ళ లోపు వాళ్ళందరికీ వేశారే" అంది.

నేను గోడమీది పసిపిల్ల బొమ్మ చూశాను.

2017 ఫిబ్రవరి. తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపి ఒకే టీకా, తమిళనాడు, కర్ణాటక లాంటి కొన్నిచోట్ల ముందు మొదలుపెట్టారు. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో క్లాసు. వాట్సాప్‌లో ఒక ఆడియో తిరిగింది. ఎవరో ఆడమనిషి, ఏడుపు గొంతు. ఆ టీకా వేస్తే ఆడపిల్లలకి రేపు పిల్లలు పుట్టరని, ఎక్కడో బడిలో పిల్లలు వరసగా పడిపోయారని. ఆ గొంతు ఎవరిదో, ఏ ఊరో నాకు తెలీదు. నాలుగుసార్లు విన్నాను, ఆరుగురికి పంపాను. బడిలో టీకా వేసే రోజు జ్వరమని చీటీ రాసి దీన్ని ఇంట్లో ఉంచేశాను. ఈయన కూడా వద్దనలేదు. మర్నాడు మామూలుగా బడికి పంపాను. అంతే, ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను. జీవితంలో తెలివైన పని ఒకటి చేశానని కూడా అనుకున్నట్టు గుర్తు.

"అప్పుడు జ్వరమొచ్చింది డాక్టర్" అంది అమ్మాయి. నన్ను కాపాడింది. నేను తల ఎత్తలేదు.

బయటికి వచ్చి నర్సు పిలిచేదాకా నిలబడి ఉంటే మెల్లగా చెప్పింది. "టీకా వేసుకున్నవాళ్ళకి వేలికి సిరా గుర్తు పెట్టారమ్మా, ఓటు వేసినప్పటిలాగా. మా క్లాసులో అందరికీ ఉంది. నేను నల్ల స్కెచ్ పెన్నుతో బొటనవేలి గోరుమీద చుక్క పెట్టుకున్నా. లేకపోతే అడుగుతారుగా. నాలుగు రోజులు రోజూ స్నానం అయ్యాక మళ్ళీ పెట్టుకునేదాన్ని."

ఎనిమిదేళ్ళు. ఒక్కసారి కూడా చెప్పలేదు. నాలుగు రోజులు దానికి అన్నం కలిపి పెట్టాను, జడ వేశాను, ఆ గోరు చూడలేదు.

వాళ్ళ పిల్లలకి మా పిల్ల వల్ల రోగమా అని పోయిన వారం ఎగిరిన దాన్ని. ఆ ఎనిమిదో క్లాసులో ఇంకా ఎవరింట్లో తొమ్మిది నెలలు నిండని చంటిపిల్లలు ఉన్నారో నేను ఆలోచించానా అప్పుడు?

నర్సు మా ఊరి నర్సమ్మలా కాదు, పాతికేళ్ళు ఉండవు. దీన్ని పైనుంచి కిందికి చూసి, "ఇవ్వళవు పెరియ పొణ్ణుక్కా?" (ఇంత పెద్ద పిల్లకా?) అని నవ్వింది. ఎడమ చేతికి పొడిచింది. ఇది కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇరవై ఇద్దరు పిల్లల్ని చూసుకోబోయే మనిషి! ఆ బడిలో తన గుంపులో అంతమందట.

డాక్టరమ్మ తన చీటీమీద స్టాంపు వేసి తేదీ, టీకా బ్యాచి నంబరు రాసిచ్చింది. వాళ్ళకి అది చాలు. నేనే గూడూరు కార్డు ముందుకి జరిపి, దీంట్లో కూడా రాయండి అన్నాను. ఖాళీ గీత ఎక్కడుందని వెతికి, తట్టు కిందే కొంచెం చోటుంటే ఇరికించి రాసింది. అక్టోబర్ 2003 ఎర్ర సిరా. దాని కింద 11-7-2025 నీలం బాల్‌పెన్ను. మధ్యలో దాదాపు ఇరవై రెండేళ్ళ ఖాళీ కాస్త చోటులో సరిపోయింది.

నాలుగు వారాల తేడాతో ఇంకోటి వేద్దాం, అప్పుడు ఎవరూ పేరు పెట్టడానికి ఉండదు అంది. ఇంటికొచ్చి క్యాలెండర్ చూస్తే ఆగస్టు 8, శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం. ఆ రోజు ఎలాగండీ అని డాక్టరమ్మకి ఫోన్ చేసి మార్చమందామనుకున్నాను. అమ్మాయే వద్దంది. తోరం కుడిచేతికి, సూది ఎడమచేతికి, ఏం ఇబ్బంది అని. నిజమే.

రాత్రి చెయ్యి కాస్త వాచింది, ఐసు పెట్టుకుని పడుకుంది. శ్రావణం జాకెట్లు ఏడు ఉన్నాయి, హుక్కులు కుట్టాలి. కార్డు మళ్ళీ చీర మడతలోకి పోకుండా పాస్‌పోర్టు కవర్లో పెట్టాను.