కాలువలు కట్టేసేలోపు పెరటి పనులు

వేసవిలో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకు నీళ్ళు ఆపేస్తారు, అందుకే డెల్టాలో పెరటి విత్తనాలు మార్చిలోనే పడాలి.

బెండ గింజలు రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున, అడుగు ఎడంలో నాటండి. లోతుగా పెడితే మన బంకమట్టి పైన పెచ్చు కట్టి మొలకను రానివ్వదు. ఆకుల ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులే. తెల్లదోమ మోసుకొస్తుంది, మందు లేదు, మొక్క పీకేయడమే. మిగతావాటికి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకుల అడుగున కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

పాదుల్లో కొబ్బరి డొక్కలు గానీ ఎండు అరటాకులు గానీ పరవండి, మొదలుకు నాలుగు వేళ్ళ ఎడం వదిలి. ఆనించి వేస్తే మొదలు కుళ్ళుతుంది, చెదలూ చేరతాయి.

టమాటా కాయ అడుగు నల్లబడితే చాలామంది పురుగుమందు కొంటారు. దండగ! అది పురుగు కాదు. ఓరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తితే కాయకు కాల్షియం అందదు. రోజూ పొద్దున్నే సమంగా తడపండి.

మబ్బుపట్టి హఠాత్తుగా వాన పడితే ఆ పూట తడి మానేసి, తొట్ల కింద పళ్ళేల్లో నీళ్ళు పారబోయండి.