పీహెచ్‌డీ బెల్జియంలో, ల్యాబు నెల్లూరు జిల్లాలో

గెంట్ యూనివర్సిటీలో రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేశాను. తిరిగి రావాలనుకునేవాళ్లు ముందు నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకి రాసే జాతీయ అర్హత పరీక్ష) గురించే టెన్షన్ పడతారు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకుల్లో ఏదో ఒకదాంట్లో మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నెట్ అక్కర్లేదు. అసలు చిక్కల్లా ఆ పోస్టులకి నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందన్నదే. అందుకే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే రామలింగస్వామి ఫెలోషిప్‌కి అక్కడి నుంచే దరఖాస్తు పెట్టాను. అయిదేళ్ల దాకా జీతం, పరిశోధనకి విడిగా గ్రాంటు.

ఫెలోషిప్ వచ్చి ఇక్కడి డిపార్ట్‌మెంటులో చేరాక నన్ను నిలబెట్టింది ఆ గ్రాంటే. ఫారిన్ డిగ్రీకి దక్కే మర్యాద మొదటి వారం వరకే. పీసీఆర్ మిషను (శాంపిల్‌లో జబ్బు క్రిమి డీఎన్ఏ ఉందో లేదో పట్టిచ్చేది) వచ్చాక మాత్రం, అంతవరకూ పలకరించనివాళ్లు కూడా "మా శాంపిల్స్ పెట్టుకోవచ్చా మేడం" అంటూ వచ్చారు. మన శ్రీహరికోట కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీష్ ధవన్ కూడా అమెరికాలోని కాల్టెక్ నుంచి 1951లో బెంగళూరు ఐఐఎస్‌సీకి వచ్చి, సూపర్‌సానిక్ విండ్ టన్నెల్ (ధ్వనికంటే వేగంగా గాలి పంపి నమూనాల్ని పరీక్షించే సొరంగం) కట్టించారు. చేతిలో పరికరం లేకపోతే ఎంత చదివొచ్చినా ఉపన్యాసాలే మిగులుతాయి.

కొనడమే పెద్ద తతంగం. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, కొటేషన్లు, కమిటీ సంతకాలు అన్నీ దాటుకుని చెన్నై నుంచి ఎంజైముల థర్మోకోల్ పెట్టె వస్తే, మూత తీసి ముందు లోపల చెయ్యి పెట్టి చూసేదాన్ని. డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయి, ట్యూబులు గోరువెచ్చగా తగిలేవి. ఎండాకాలం ఆర్డర్లు మానేశాం.

ఇందుకూరుపేట వైపు వనామీ రొయ్యల చెరువుల దగ్గరికి మా స్టూడెంట్స్‌ని తీసుకెళ్లడం మొదలుపెట్టాక డిపార్ట్‌మెంటులో గాలి మారింది. ఒక రైతు అడిగేశాడు: "జబ్బు పేరు మాకెందుకు మేడం, మందు పేరు చెప్పండి." రొయ్యల్ని ఎదగనివ్వని ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి జబ్బుకి మందు లేదు. సీడు (రొయ్య పిల్లలు) చెరువులో దించకముందే పీసీఆర్ చేయించుకోవాలి, పంట తీశాక చెరువు ఎండగట్టి సున్నం వెయ్యాలి. ఆ మాట రైతుకి అర్థమయ్యేలా చెప్పడానికి మా ఎమ్మెస్సీ పిల్లలు పడ్డ అవస్థ ఏ సెమినార్‌లోనూ పడలేదు.

శుక్రవారం ల్యాబు మీటింగులో రిజల్టు రాకపోయినా, రాలేదని చెప్పాలన్నది గెంట్ అలవాటు. అది ఇక్కడా పెట్టాను. పిల్లలు ఎదురు ప్రశ్నలేస్తున్నారని ఒక సీనియర్ విసుక్కున్నారు. నాకైతే కావలసిందే అది.

సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో చాలా వాదించాక పీసీఆర్ ప్రాక్టికల్ సిలబస్‌లోకి ఎక్కింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ని ఎక్కడి నుంచి పిలవాలన్నది ఇంకా తేలలేదు.