ఫోనిక్స్ నేర్పాలంటే ముందు పొల్లు పట్టుకోండి

మన పిల్లలకి ఇంగ్లీష్ చదవడం నేర్పేటప్పుడు చాలామంది దగ్గర బండి ఒకే చోట ఆగిపోతుంది. సి, ఎ, టి మూడింటికీ శబ్దాలు అడిగితే "క, యా, ట" అని గడగడా చెప్పేస్తారు. ఏదీ, ఇప్పుడు కలిపి చదువు నాన్నా అంటే "కయాట" అంటారు. పిల్లాడి తప్పేం లేదు, మనం నేర్పిన శబ్దాలు కలిపితే వచ్చేది అదే. క్యాట్ రావాలంటే వాడికి అందాల్సింది "క", "ట" కాదు, "క్", "ట్".

నేను యూకేజీ, ఒకటో తరగతి పిల్లలకి చదవడం నేర్పుతాను. హల్లు చివర అచ్చు తగిలించకుండా శబ్దాన్ని టక్కున ఆపడం ఫోనిక్స్‌లో, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం నేర్పే పద్ధతిలో, అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఇంగ్లీష్ లిపిలో దానికి ప్రత్యేకంగా గుర్తు లేదు. మనకుంది, పొల్లు. అందుకే నేను పలక మీద ఇంగ్లీష్ అక్షరం రాసి దాని కిందే చిన్నగా స్, ట్, ప్, న్ అని రాస్తాను. "తెలుగులో రాస్తే ఇంగ్లీష్ ఎలా వస్తుంది టీచర్" అని కొందరు తల్లిదండ్రులు టెన్షన్ పడతారు గానీ, పిల్లకి తెలిసిన దాని మీద నిలబెట్టి నేర్పితేనే కొత్తది నిలుస్తుంది. కొన్నాళ్ళకి ఆ కింద రాసింది నేనే చెరిపేస్తాను.

జాలీ ఫోనిక్స్ అనే పాఠాల పద్ధతిలో ముందుగా నేర్పే అక్షరాల గుంపు ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్. ఏబీసీడీ వరస వదిలేసి ఇవే ముందు ఎందుకంటే, ఈ ఆరూ వస్తే చాలు పిన్, టిన్, ట్యాప్, సిట్ చదివేయొచ్చు. చదవడం మొదలైందన్న సంతోషం పిల్లలకి అక్కడే దొరుకుతుంది. తెలుగుకీ ఇదే నా మాట. త, ల, వ, ప, క, డ వస్తే తల, వల, పలక, పడవ చదివించొచ్చు కదా! అక్షరమాల అంతా దిద్దించాక గానీ ఒక్క మాట కూడా చదివించని పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఙ, ఞ లతో ఐదేళ్ళ పిల్లకి ఏం పని?

తెలుగు పిల్లల చెవికి అక్షరం బాగా అందుతుంది. క భాష ఆడే పిల్లల్ని చూడండి, ప్రతి అక్షరం ముందూ "క" పెట్టి "కను కవ్వు కరా" అంటూ ఎంత వేగంగా మాట్లాడతారో. మాటని అక్షరాలుగా విడగొట్టడం వాళ్ళకి ఆట. కానీ ఇంగ్లీష్‌కి ఇంకో మెట్టు దిగాలి, "ప" అనే అక్షరంలో ప్, అ రెండున్నాయని వినబడాలి. దీనికి గుణింతం కన్నా మంచి సాధనం నాకు తెలీదు. ప పా పి పీ అంటుంటే ప్ అలాగే ఉంది, వెనకున్న అచ్చు మారుతోంది. కాకపోతే గుణింతాన్ని బట్టీ పాటలా పాడించేసి వదిలేస్తాం, ఏది మారింది, ఏది మారలేదు అని ఆగి అడగం.

ఇంకో చిక్కు మాట చివర వస్తుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, బస్‌ని బస్సు, పెన్‌ని పెన్ను చేసుకున్న వాళ్ళం మనం. అందుకే క్యాటు, పిన్ను అని చదువుతారు. మొన్న ఒకటో తరగతి పాప వేలు పెట్టి "ట్... ఇ... న్... టిన్ను" అంది. నేనేం అనకుండా కింద రాసిన న్ వైపు చూపించాను. కాసేపు దాన్నే చూసి, "టీచర్, న్‌కి కొమ్ము లేదుగా" అని తనే "టిన్" అంది. అంత స్పష్టంగా నేను కూడా చెప్పలేను.

పిల్లలు నిజంగా చదువుతున్నారా, బొమ్మ చూసి ఒప్పజెప్తున్నారా అని తేల్చుకోవడానికి ఇంగ్లండ్‌లో వాడే ఉపాయం ఒకటి నాకు బాగా నచ్చింది. అక్కడ 2012 నుంచి మొదటి తరగతి చివర్లో 40 మాటలు చదివిస్తారు, వాటిలో సగం అర్థమే లేని కల్పిత మాటలు. బట్టీ పట్టడానికి వీల్లేదు, శబ్దాలు కలిపితేనే వస్తాయి. నేనూ అప్పుడప్పుడు "పిబ్", "టిబ్" లాంటివి రాసి ఇస్తాను, పిల్లలు పడీ పడీ నవ్వుతూ చదువుతారు. అయితే వాటితోనే సరిపెట్టకూడదు. పిన్, టిన్ అంటే వాళ్ళకి తెలుసు, "సిప్" అంటే తెలీదు, గ్లాసులో నీళ్ళు పోసి ఒక గుక్క తాగించి చూపించాలి. అర్థం కాకుండా ఎంత చదివినా అది చప్పుడే. "ద" (the), "వాజ్" (was), "సెడ్" (said) లాంటి శబ్దానికి లొంగని మాటలు కూడా ఉన్నాయి, వాటిని రోజుకి ఒకటీ అరా చొప్పున గుర్తుపెట్టించడమే.

ఇక ఇంట్లో ఇంగ్లీష్ రాని అమ్మానాన్నలు, అమ్మమ్మలు "మేమేం చెప్పగలం" అని వెనక్కి తగ్గకండి. పప్పు కడుగుతూనో, బట్టలు మడతపెడుతూనో "ప్‌తో మొదలయ్యేవి చెప్పు" అని అడగండి. పప్పు, పాలు, పిండి, పులుసు అని పిల్లలు చెప్తారు. తర్వాత "క్", "మ్". పుస్తకం అక్కర్లేదు, ఫోన్ అసలే అక్కర్లేదు. ఈ ఆట ఆడి వచ్చిన పిల్లలకి క్లాసులో శబ్దాలు కలపడం నేర్పడం నాకు ఎంత తేలికవుతుందో మీకు మాటల్లో చెప్పలేను.