వేరు లేని పన్ను

పొద్దున పళ్లు తోముకుంటూ పాప ఉన్నట్టుండి ఆగింది. నోట్లోంచి కింది ముందుపన్ను తీసి నా అరచేతిలో పెట్టింది. రెండు వారాలుగా నాలుకతో కదుపుతూనే ఉంది కాబట్టి ఊడడం వింత కాదు. కానీ పాప ముఖం నిండా టెన్షన్. "అమ్మా, సగమే వచ్చింది. మిగతాది లోపల విరిగిపోయిందా?"

తిప్పి చూశాను. నిజమే, వేరు లేదు. అడుగున చిన్న గుంట, గరుకు అంచు, అంతే. "విరగలేదమ్మా, కరిగిపోయింది" అన్నాను. కింద కొత్త పన్ను పైకి జరుగుతుంటే, ఒంట్లోని కణాలే పాలపన్ను వేరుని కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. పట్టు పోయాక పన్ను ఊగుతుంది, చివరికి పైభాగం ఊడి చేతికొస్తుంది.

పన్నుని కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకున్నాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు. పని మధ్యలో రెండుసార్లు తీసి చూసుకున్నాను. ఆరు నెలల వయసులో చిగురు చీల్చుకుని వచ్చిన పన్ను ఇది. ఆ రోజే పుట్టిందనుకున్నాను అప్పట్లో. కానీ పాప నా కడుపులో ఉన్న ఆరో వారం దగ్గర్లోనే పళ్ల పని మొదలైంది. దవడ అంచున ఒక సన్నని కణాల పట్టీ ఏర్పడి, దాని మీద మొగ్గలు పుడతాయి. మొగ్గ టోపీలా, ఆ తర్వాత గంటలా మారుతుంది. ముందు పన్ను లోపలి గట్టి భాగమైన డెంటిన్, దాని మీద తెల్లటి పైపూత ఎనామెల్ పొరలు పొరలుగా పేరుకుంటాయి. పాప పుట్టేనాటికి ఈ పన్ను ఎనామెల్ సగానికి పైగా తయారైపోయింది. పుట్టుక అనే కుదుపు ఎనామెల్‌లో ఒక గీతలా మిగిలిపోతుందట, మైక్రోస్కోపులో కనబడుతుంది. అంటే నా అరచేతిలో ఉన్న ఈ తెల్లటి ముక్కలో గీతకి ఒకవైపు నా కడుపులో గడిపిన రోజులు, ఇంకోవైపు బయటి రోజులు. అది తలుచుకుంటే కళ్లు చెమర్చాయి.

రాత్రి టార్చి వేసి పాప నోరు చూశాను. ఖాళీలో కొత్త పన్ను అంచు అప్పుడే కనిపిస్తోంది, మూడు చిన్న బుడిపెలతో. అక్కడితో ఆపేసేదాన్నే. కాస్త వెనక్కి చూస్తే, చివరి పాలపన్ను తర్వాత ఒక పెద్ద దవడపన్ను సగం బయటికొచ్చి ఉంది! ఆరేళ్ల వయసులో వచ్చేది ఇదే. దీని కోసం ఏ పన్నూ ఊడదు, అందుకే ఎవరూ గమనించరు. పాలపన్నే అనుకుని వదిలేస్తారు కూడా. కానీ ఇది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఎనామెల్‌ని తయారుచేసిన కణాలు పన్ను బయటికొచ్చేసరికి ఉండవు, కాబట్టి పుచ్చితే ఆ పొర మళ్లీ పుట్టదు. ఎన్ని రోజులుగా బ్రష్ అక్కడిదాకా వెళ్లలేదో అని మనసు చివుక్కుమంది. వెంటనే నేనే బ్రష్ తీసుకుని ఆ మూలంతా నెమ్మదిగా తోమాను.

"దీనికి వేరు ఉందా?" అంది, నోటినిండా నురగతో.

"ఇంకా పెరుగుతోంది. పూర్తవడానికి మూడేళ్లు పడుతుంది."

వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "అయితే నాకు తొమ్మిదేళ్లొస్తాయి" అని మళ్లీ నోరు తెరిచింది.