పెద్దపేగు ముదురు వాపు: మూడో రోజు పొద్దున ఏం తేల్చుకోవాలి

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ముదిరి ఆస్పత్రిలో చేరిన మనిషి మంచం పక్కన ఒక కాగితం, పెన్ను ఉండాలి. నాలుగు గడులు గీస్తే చాలు: ఎన్నింటికి వెళ్లారు, నెత్తురు పడిందా, ఎంత నీళ్లగా ఉంది, నిద్రలోంచి లేవాల్సి వచ్చిందా. మలం లేకుండా ఉత్త నెత్తురు, జిగురు పడినా ఒకసారి కిందే రాయాలి. చాలామంది దాన్ని లెక్కలో వేయరు. అడిగితే "ఐదారుసార్లు అయింది" అంటారు, నిజానికి పదకొండు అయి ఉంటాయి. ఆ ఐదుకీ పదకొండుకీ మధ్య తేడా మీదే మూడో రోజు పొద్దున ఆపరేషన్ మాట ఎత్తాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఈ జబ్బులో వాపు పురీషనాళం (మలద్వారం పైన ఉండే పేగు చివరి భాగం) దగ్గర మొదలై ఎక్కడా ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. మామూలుగా పేగు లోపలి పొర వరకే ఉంటుంది. ముదిరినప్పుడు మాత్రం కండరం దాకా దిగుతుంది, అప్పుడు పేగు ముడుచుకునే శక్తి పోయి బెలూన్‌లా సాగుతుంది. ప్రాణం మీదికి వచ్చేది ఇలా సాగినప్పుడే, లేదా సాగి చిల్లు పడినప్పుడే.

ముదిరిందని ఎప్పుడు అంటారన్నదానికి 1955లో ఆక్స్‌ఫర్డ్ డాక్టర్లు ట్రూలవ్, విట్స్ ఇచ్చిన కొలతే నేటికీ వాడుకలో ఉంది. రోజుకు ఆరు లేదా అంతకన్నా ఎక్కువ నెత్తురు విరేచనాలు, వాటితోపాటు ఈ నాలుగిట్లో ఏ ఒక్కటైనా: నాడి నిమిషానికి 90 దాటడం, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటడం, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గడం, ఈఎస్ఆర్ 30 దాటడం. ఈఎస్ఆర్ అంటే ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష, ఇప్పుడు దాని బదులు అలాంటిదే అయిన సీఆర్‌పీ చూస్తున్నారు. అదే పరిశోధనలో కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో నూటికి 41 మందికి ఆరు వారాల్లో జబ్బు పూర్తిగా అణిగింది, ఇవ్వనివాళ్లలో 16 మందికే. స్టెరాయిడ్లు ఈ జబ్బులోకి అడుగుపెట్టింది ఆ లెక్కతోనే. ఈ కొలత దాటినవాళ్లకు ఇంట్లో మాత్రలు పెంచుకుంటూ పోవడం తప్పు. ఆస్పత్రిలో చేరాల్సిందే.

మొదటి రోజు చేయాల్సిన పనుల్లో కొన్ని మూడో రోజు కోసం చేసేవి. హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఆరు గంటలకొకసారి నరానికి ఎక్కిస్తారు, లేదా రోజుకు 60 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసోలోన్. అంతకు మించి డోసు పెంచితే అదనంగా వచ్చే మేలేమీ కనబడలేదు. మలం పరీక్షకు పంపి క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా ఉందేమో చూస్తారు, ఎందుకంటే అది ఉంటే అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే కనిపిస్తుంది, దాని మందు వేరు. ఎనిమా గానీ, కడుపు ఖాళీ చేసే మందు గానీ ఇవ్వకుండా, గాలి వీలైనంత తక్కువ ఊది, కింది భాగం వరకే గొట్టంతో చూసి చిన్న ముక్క తీస్తారు. సైటోమెగాలో వైరస్ కోసం ఆ ముక్కను వెతకమని చీటీ మీద విడిగా రాయాలి. రాయకపోతే ల్యాబ్‌లో ఆ రంగు వేయరు, రిపోర్టు "తీవ్రమైన వాపు" అని వచ్చి ఊరుకుంటుంది. పూర్తి కొలొనోస్కోపీ ఈ దశలో చేయకూడదు, చిల్లు పడే ప్రమాదం ఉంది.

క్షయ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి పరీక్ష కూడా అదే రోజు పంపాలి. వీటితో ఇప్పుడేం పని అనిపించవచ్చు. స్టెరాయిడ్ పని చేయకపోతే మూడో రోజు ఇవ్వాల్సిన, రోగనిరోధక శక్తిని అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు ముందు ఈ రిపోర్టులు చేతిలో ఉండాలి. అప్పుడు పంపితే ఇంకో రెండు రోజులు వృథాగా పోతాయి. ఆలస్యాలన్నిటిలో అన్నిటికన్నా తేలిగ్గా తప్పించగలిగేది ఇదే, అయినా తరచూ జరిగేదీ ఇదే.

నెత్తురు పోతున్న మనిషికి నెత్తురు పలచబరిచే హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తుంటే ఇంటివాళ్లు కంగారుపడతారు. ఆ కంగారు సహజమే. కానీ పేగు వాచినప్పుడు రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పు బాగా పెరుగుతుంది. కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషి పోవచ్చు. నివారణ డోసు హెపారిన్‌తో పేగు నుంచి పోయే నెత్తురు చెప్పుకోదగినంత పెరగదు. కాబట్టి ఆ ఇంజెక్షన్ వద్దనకండి.

వద్దనాల్సినవి వేరే ఉన్నాయి. విరేచనాలు ఆపే లోపెరమైడ్, నొప్పికి ఓపియం జాతి మందులు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు. మొదటి రెండూ పేగు కదలికను ఆపి సాగేలా చేస్తాయి, మూడోది వాపునే రెచ్చగొడుతుంది. పొటాషియం తగ్గినా పేగు సాగుతుంది. విరేచనాల్లోనూ, స్టెరాయిడ్ వల్లా అది పోతూనే ఉంటుంది కాబట్టి సెలైన్‌లో రోజుకు 60 మిల్లీమోల్ తగ్గకుండా కలపాల్సి రావడం మామూలే. ఇక నోటికి ఏమీ పెట్టకుండా పేగుకు విశ్రాంతి ఇస్తే త్వరగా తగ్గుతుందన్న పాత నమ్మకానికి ఆధారం దొరకలేదు. తినగలిగితే తినాలి.

రోజూ పొట్ట చూడాలి, ఎక్స్‌రే చూడాలి. అడ్డపేగు (పెద్దపేగులో పొట్టకు అడ్డంగా ఉండే భాగం) వెడల్పు 5.5 సెంటీమీటర్లు దాటితే సాగుతోందని అర్థం. ఇక్కడ ఒక మోసం ఉంది. నిన్న పన్నెండు విరేచనాలు, ఇవాళ నాలుగే, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ పొట్ట ఉబ్బి, నాడి 110కి పోయి ఉంటే ఆ నాలుగు మంచి వార్త కాదు. పేగు బయటికి తోయడం మానేసింది. పైగా స్టెరాయిడ్ ఎక్కుతున్న మనిషికి పేగు చిల్లు పడినా పొట్ట గట్టిపడటం, పెద్ద నొప్పి రాకపోవచ్చు. నొప్పి లేదు కదా అని నిద్రపోకూడదు.

మూడో రోజు పొద్దునకు కాగితం, సీఆర్‌పీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. 1996లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ట్రావిస్ బృందం ఇచ్చిన లెక్క ఇది: విరేచనాలు ఎనిమిదికి మించి ఉన్నా, లేదా మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి సీఆర్‌పీ 45 దాటినా, అదే ఆస్పత్రి వాసంలో పెద్దపేగు తీసేయాల్సి వచ్చే అవకాశం నూటికి 85. అది ఇప్పటి రెండో దశ మందులు విరివిగా రాకముందు కట్టిన లెక్క. ఇప్పుడు ఆ సంఖ్య తగ్గింది, హెచ్చరిక విలువ మాత్రం తగ్గలేదు. స్టెరాయిడ్‌కు మూడింట రెండొంతుల మంది లొంగుతారు. లొంగని మిగతా మూడో వంతుకు ఇంకో వారం అదే మందు ఎక్కించడం వల్ల వచ్చేది బలహీనత, ఇన్ఫెక్షన్, ఆపరేషన్ టేబుల్ మీద ఎక్కువ ముప్పు.

రెండో దశలో సైక్లోస్పోరిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ రెండూ వాడుకలో ఉన్నాయి. సైక్లోస్పోరిన్ మొదటి పరీక్ష 1994లో కేవలం 20 మందితో జరిగింది. మందు ఇచ్చిన 11 మందిలో 9 మందికి తగ్గింది, ఇవ్వని 9 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. అప్పట్లో రోజుకు కిలో బరువుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చారు, ఇప్పుడు 2 సరిపోతోంది. మెగ్నీషియం, కొలెస్ట్రాల్ బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఇస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే ముందే చూస్తారు. ఇది వంతెన లాంటి మందు. దాని అవతల, దీర్ఘకాలం వాడే అజాథయోప్రిన్ మాత్రలు అందుకోవాలి. అజాథయోప్రిన్ వాడుతుండగానే జబ్బు ఇంత ముదిరినవాళ్లకు ఈ వంతెన ఎక్కడికీ తీసుకెళ్లదు, వాళ్లకు ఇన్‌ఫ్లిక్సిమాబే మేలు.

ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకు 5 మిల్లీగ్రాములు. 2005లో స్వీడన్, డెన్మార్క్‌లలో 45 మందిపై జరిపిన పరీక్షలో మందు తీసుకున్న 24 మందిలో 7 మందికి, తీసుకోని 21 మందిలో 14 మందికి మూడు నెలల్లోపు పేగు తీయాల్సి వచ్చింది. జబ్బు మరీ ముదిరి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోయినవాళ్లలో ఈ మందు వాచిన పేగు గుండా మలంలోకి కారిపోతుంది. మరి డోసు రెట్టింపు చేస్తే? 2024లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్షలో మొదటి డోసే కిలోకు 10 మిల్లీగ్రాములు ఇచ్చినా వారం నాటికి తేడా కనిపించలేదు. సైక్లోస్పోరిన్‌ను, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను ముఖాముఖి పోల్చిన పరిశోధనల్లోనూ ఏదీ గెలవలేదు. టోఫాసిటినిబ్ అనే మాత్ర ఈమధ్య వచ్చింది. 2024 నాటి ఒక పరీక్షలో 104 మందిలో దాదాపు సగానికి హైడ్రోకార్టిసోన్‌తోపాటు మొదటి నుంచే ఇచ్చి చూస్తే ఏడో రోజుకు నూటికి 83 మంది లొంగారు, ఉత్త హైడ్రోకార్టిసోన్‌తో 59 మంది. ఆశ పుట్టించే లెక్కే. అయితే మందు తీసుకున్న ఒకరికి మెదడు సిరలో గడ్డ కట్టింది.

రెండో దశ మందుకు నాలుగు నుంచి ఏడు రోజులు గడువు. అదీ తప్పితే ఇంకో మందు మీద ఇంకో మందు పేర్చడం చాలామందికి చెడే చేస్తుంది. నా దృష్టిలో సర్జన్ వచ్చి పలకరించాల్సింది ఏడో రోజు కాదు, మూడో రోజే. స్టోమా (మలం బయటికి రావడానికి పొట్ట మీద చేసే ద్వారం) చూసే నర్సు కూడా అప్పుడే వచ్చి, మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, నడుం దగ్గర బట్ట ఎక్కడ పడుతుందో చూసి, మడతలు లేని చోట పెన్నుతో గుర్తు పెట్టాలి. అర్ధరాత్రి హడావుడి ఆపరేషన్‌లో ఈ గుర్తు లేక మడతలో పెట్టిన స్టోమా జీవితాంతం కారుతూ ఏడిపిస్తుంది.

ఆపరేషన్‌లో పెద్దపేగు తీసేసి పురీషనాళాన్ని మాత్రం ఉంచుతారు. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెస్తారు. రెండు కొసలూ అప్పుడే ఎందుకు కలపరని చాలామంది అడుగుతారు. స్టెరాయిడ్ ఒంట్లో నిండుగా ఉండి, ఆల్బుమిన్ పడిపోయిన మనిషికి వేసిన కుట్టు అతకదు, ఊడితే పొట్టంతా చీము. వదిలిన పురీషనాళంలో రసి నిండి పగలకుండా కింది నుంచి కొన్నాళ్లు గొట్టం ఉంచుతారు. స్టెరాయిడ్‌ను టక్కున ఆపకుండా మెట్టుమెట్టుగా తగ్గించాలి, లేదంటే బీపీ పడిపోతుంది.

చిన్నపేగు చివర నుంచి రోజుకు అర లీటరు నుంచి 800 మిల్లీలీటర్ల దాకా రావడం మామూలు. లీటరున్నర దాటితే ఉత్త మంచినీళ్లు ఎక్కువ తాగకూడదు. వినడానికి వింతగా ఉన్నా ఉత్త నీళ్లు పేగులోకి ఉప్పును లాగి, దాంతోపాటు బయటికి పోతాయి. దాహం పెరుగుతుంది, ఇంకా తాగుతారు, ఇంకా పోతుంది. ఉప్పు, చక్కెర కలిసిన ద్రావణం తాగి, డాక్టరు రాస్తే భోజనానికి అరగంట ముందు లోపెరమైడ్ వేసుకోవాలి. పేగు వాచి ఉన్నప్పుడు వద్దన్న మందే ఇప్పుడు పనికొస్తుంది. స్టోమా మీద మలం పట్టే సంచిని అతికించే పలకకు చేసే రంధ్రం స్టోమా కన్నా రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా ఉండాలి. ఎక్కువ కత్తిరిస్తే ఆ ఖాళీలో చర్మం ఒరుసుకుపోతుంది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు స్టోమా చిన్నదవుతూ ఉంటుంది కాబట్టి కొలత మళ్లీ మళ్లీ తీయాలి.

స్టెరాయిడ్ పూర్తిగా మానేసి, తిండి పట్టి, కొన్ని నెలలయ్యాక రెండో ఆపరేషన్. మిగిలిన పురీషనాళం తీసేసి, చిన్నపేగు చివరను మడిచి 15 నుంచి 20 సెంటీమీటర్ల లోపలి సంచి కుట్టి మలద్వారానికి కలుపుతారు. 1978లో పార్క్స్, నికోల్స్ చేసిన మొదటి సంచి మూడు మడతలది. చాలామందికి గొట్టం పెట్టి ఖాళీ చేయాల్సి వచ్చింది. తర్వాత జపాన్ సర్జన్ ఉత్సునోమియా తెచ్చిన రెండు మడతల జె ఆకారమే నిలిచింది. సంచి మానేదాకా తాత్కాలిక స్టోమా ఉంటుంది, రెండు మూడు నెలలకు మూసేస్తారు. ఆ తర్వాత రోజుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు వెళ్లాల్సి వస్తుంది, తొందరపెట్టే ఆ పరుగు మాత్రం చాలామందికి ఉండదు. సంచి వాచినప్పుడు రెండు వారాల సిప్రోఫ్లోక్సాసిన్‌తో ఎక్కువమందికి తగ్గుతుంది. కటి భాగంలో కోత వల్ల ఆడవాళ్లలో గర్భం దాల్చే అవకాశం తగ్గుతుంది కాబట్టి, పిల్లలు కావాలనుకునేవాళ్లు రెండో ఆపరేషన్‌ను కాన్పుల తర్వాతకు వాయిదా వేయమని అడగవచ్చు. ఆ మధ్యకాలంలో ఉంచిన పురీషనాళం నుంచి జిగురు, నెత్తురు పడుతుంటే వాపు తగ్గించే మెసలజైన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) పెట్టుకోవచ్చు. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లు ఆ పురీషనాళంలో క్యాన్సర్ లేదని గొట్టంతో చూపించుకుంటూ ఉండాలి.