నవ్వట్లేదేంటే నేను?

పెద్దమ్మకి డెబ్బై నిండాయి. గోడకి పెట్టుకోవడానికి ఒక మంచి ఫొటో కావాలంది. కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, పాత సంగతులేవో తవ్వి నవ్విస్తూ ముప్ఫై నలభై తీశాను. ఒకటి కుదిరింది. కళ్ళు చిన్నవై, బుగ్గలు పైకి లేచి, అచ్చంగా మా పెద్దమ్మే. దాన్ని అలాగే చేతిలో పెట్టేసి ఉంటే ఈ పోస్టు రాసే పని ఉండేది కాదు.

పెట్టలేదు. పదేళ్ళుగా పోర్ట్రెయిట్ రీటచింగ్ చేస్తున్న చేతులు ఊరుకుంటాయా? ఊళ్ళో అందరి మొహాలూ దిద్ది మా పెద్దమ్మది వదిలేస్తానా అనుకుంటూ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. లేచేసరికి ఒంటిగంట.

మర్నాడు ల్యాప్‌టాప్ ఆవిడ ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "బాగానే ఉందే" అంది. ఆ 'బాగానే'ని చిన్నప్పట్నించీ ఎరుగుదును. ఇంకాసేపు చూసి, "అంత నవ్వించావు కదా, ఇందులో నేను నవ్వట్లేదేంటే?" అంది.

పెదాలు విచ్చుకునే ఉన్నాయి. పళ్ళు కనబడుతున్నాయి. పెదాల జోలికి నేను అసలు పోనేలేదు. అయినా ఆవిడన్నది నిజమే. బుగ్గ వాచిన మనిషి పంటినొప్పి దాచుకుంటూ మర్యాద కోసం పళ్ళు బయటపెట్టినట్టుంది. రాత్రంతా పట్టి పట్టి చూసిన నాకు అది కనబడలేదు, ఆవిడకి అర నిమిషంలో కనబడింది.

ఫొటోషాప్‌లో ఫైలు మళ్ళీ తెరిచాను. నా ఫైళ్ళెప్పుడూ దొంతరలే. అసలు ఫొటో అట్టడుగున ఉంటుంది, దాని మీద చెయ్యి పడదు. ప్రతి పనికీ పైన ఒక లేయర్. లేయర్ పక్కన కన్ను బొమ్మ నొక్కితే అది మాయమవుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది. ఇలాంటప్పుడు దొంగని పట్టుకోవడానికి ఇంతకన్నా దారి లేదు. పైనుంచి ఒక్కొక్కటీ ఆర్పుతూ వచ్చాను.

మొదట అనుమానించింది డాడ్జ్ అండ్ బర్న్ లేయర్లని. రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి వెలుగు పెంచేది, ఇంకోటి తగ్గించేది. లేయర్ ఎక్కడ కనబడాలో చెప్పే ముసుగు మాస్కు, నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. రెండింటి మాస్కులూ నల్లగా నింపేస్తే ఏమీ కనబడదు. ఇక తెల్ల బ్రష్ తీసుకుని, ఫ్లో, అంటే బ్రష్ నుంచి దిగే రంగు, ఒకటో రెండో శాతం పెట్టి, ఎక్కడ మరక ముదురుగా ఉందో అక్కడ పెన్నుతో నెమ్మదిగా రాస్తూ పోవాలి. ఒక్క గీత గీస్తే ఏమీ మారినట్టుండదు. ఇరవై గీతలకి మరక పక్కదానితో కలుస్తుంది. చర్మం మీది రంధ్రాలు, సన్న నూగు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఎందుకంటే నేను చర్మాన్ని ముట్టుకోలేదు, దాని మీద పడ్డ వెలుగునే సర్దాను. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అని ఇంకో పద్ధతుంది, రంగునీ చర్మపు గరుకునీ రెండు లేయర్లుగా విడగొట్టి కింది రంగుని బ్లర్ చేసుకోవడం. త్వరగా అయిపోతుంది. నేనూ రెండేళ్ళు దాని మీదే బతికాను. ఆ రెండేళ్ళలో చేసిన మొహాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

ఈ మరకల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. కంప్యూటర్లో రంగుల ఫొటో అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానల్స్ కలిసిందే. ఏ మొహం ఫొటోనైనా తీసుకుని వాటిని విడివిడిగా చూడండి. ఎరుపు చానల్లో మొహం పాలమీగడలా ఉంటుంది. ఆకుపచ్చలో కాస్త నిజం బయటపడుతుంది. నీలం చానల్ తెరిస్తే గుండె ఝల్లుమంటుంది, ప్రతి మచ్చా, ప్రతి ఎర్రదనమూ నల్లగా పైకి తేలుతుంది. చర్మం కిందున్న రక్తమూ, చర్మంలోని మెలనినూ ఎరుపు కాంతిని చాలావరకు తిప్పికొట్టి నీలాన్ని మింగేస్తాయి, అందుకని. తొలినాళ్ళ ఫొటో ప్లేట్లకి తెలిసింది ఆ నీలి కాంతే. ఎరుపు వాటికి దాదాపు చీకటి. అంటే ఆ రోజుల్లో కెమెరా ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ నీలం చానల్లో దొరికిపోయినట్టే! మామూలు కంటికి కనబడని మచ్చలు కూడా ప్రింటులో నల్లగా వస్తే ఎవరు ఊరుకుంటారు? అందుకే నెగెటివ్‌నే, అంటే వెలుగు నీడలు తారుమారై పడే, ప్రింటుకి మూలమైన ప్లేటునే దిద్దడం మొదలైంది. 1855 పారిస్ ఎగ్జిబిషన్‌లో హాన్ఫ్‌స్టెంగల్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ దిద్దిన నెగెటివ్‌నీ, దిద్దకముందూ దిద్దాకా తీసిన ప్రింట్లనీ పక్కపక్కన పెట్టి చూపించాడు. మొహం మీది మచ్చ నెగెటివ్‌లో పలచగా, గాజులా ఉంటుంది. అక్కడ సన్నగా పెన్సిల్ రాస్తే వెలుగు తక్కువ దిగి, ప్రింటులో మచ్చ తేలికవుతుంది. ఆలోచిస్తే మాస్కు మీద నా రెండు శాతం బ్రష్ చేసేదీ ఆ పెన్సిల్ పనే. వాళ్ళకి అన్‌డూ లేదు, అంతే తేడా.

సరే, డాడ్జ్ అండ్ బర్న్ ఆర్పాను. మరకలు తిరిగొచ్చాయి, నవ్వు రాలేదు. అది కాదన్నమాట.

దాని కింది లేయర్ పేరు 'గీతలు'. అది ఆర్పగానే పెద్దమ్మ పకపకా నవ్వింది.

ముక్కు పక్కనుంచి పెదాల చివరిదాకా దిగే రెండు గీతల్ని ఆ లేయర్‌లో హీలింగ్ బ్రష్‌తో శుభ్రంగా తుడిచేశాను. కళ్ళ చివర విసనకర్రలా విచ్చుకున్న ముడతల్ని కూడా. కింది రెప్పల దగ్గరి ఉబ్బునైతే, నిద్ర చాలని ఉబ్బు అనుకుని మరీ శ్రద్ధగా తీశాను. అది నిద్ర ఉబ్బు కాదు. నవ్వినప్పుడు బుగ్గ పైకి లేచి కింది రెప్పని తోస్తుంది, ఆ తోపు అది. బుగ్గ లేచిందని మనకి తెలిసేది దాని అంచున పడే నీడ వల్లే. నీడ తుడిచేస్తే లేచిన బుగ్గ కాస్తా వాచిన బుగ్గ అవుతుంది. మూడొందల శాతం జూమ్‌లో పనిచేస్తున్నప్పుడు తెర మీద ఉన్నది బుగ్గ కాదు కదా, ఏదో పొలంలో నాగటి చాలు. చాలు కనబడితే పూడ్చడమే నా పని అనుకున్నాను.

డ్యూషెన్ అనే ఫ్రెంచి డాక్టర్ ముఖంలోని కండరాలకి ఒక్కొక్కదానికీ కరెంటు తగిలించి, ఆ ముఖాల్ని ఫొటోలు తీయించి 1862లో అచ్చువేశాడు. ఆయన తేల్చిందేమిటంటే, పెదాల మూలల్ని పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది, కంటి చుట్టూ ఉన్నది మాత్రం నిజంగా సంతోషం వేస్తేనే కదులుతుంది. నేను ఎప్పుడో చదివి, తెలుసులే అని పక్కన పెట్టిన సంగతి. ఆ రాత్రి చేసింది చూస్తే, పెదాలు వదిలేసి సరిగ్గా ఆ కంటి కండరం పనితనాన్నే వెతికి వెతికి చెరిపేశాను.

ఒక క్షణం పాడు బుద్ధి పుట్టింది, దాచడమెందుకు. ఫొటోషాప్‌లో ఆకారాల్ని సాగదీసే లిక్విఫై అనే పనిముట్టుంది, అందులో 2016 నుంచీ మొహాన్ని తనంతట తాను గుర్తుపట్టే సదుపాయం ఉంది. అందులో నవ్వుకే ఒక స్లయిడర్! గీతలు తీసినవి తీసినట్టే ఉంచి, స్లయిడర్‌ని కుడివైపు కాస్త జరిపితే పోలేదా? జరిపాను. పెదాల మూలలు బుద్ధిగా పైకి వెళ్ళాయి, కళ్ళు ఎక్కడివక్కడే చూస్తున్నాయి. ఆ చూపు ఇంకొంచెం భయంగా తయారైంది. క్యాన్సిల్ కొట్టాను.

'గీతలు' లేయర్‌ని పూర్తిగా తీసెయ్యబుద్ధి కాలేదు, వృత్తి రోగం. మాస్కు పెట్టి కళ్ళ చివరా, కింది రెప్పల మీదా నల్ల రంగు పూసి వాటిని మొత్తం వెనక్కి తెచ్చాను. ముక్కు పక్క గీతలకి మాత్రం ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత గట్టిగా కనబడాలన్నది, తగ్గిస్తూ వెళ్ళాను. డెబ్బై దగ్గర ఇంకా వాపే. యాభైలో అనుమానం. ముప్ఫై దగ్గర బుగ్గ లేచి నిలబడింది, కిటికీ వెలుగుకి కత్తిలా పడ్డ నీడ మాత్రం కొంచెం మెత్తబడింది. అక్కడ ఆపాను. ఈసారి జూమ్ తీసేసి, లేచి గది అవతలి గోడ దగ్గర నిలబడి చూశాను. గోడ మీద ఫొటోని ఎవరైనా చూసేది అంత దూరం నుంచే.

రెండోసారి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాను. ఈసారి కళ్ళజోడు కూడా సర్దుకోలేదు, చూస్తూనే నవ్వింది. తెర మీదా అదే నవ్వు, తెర ఇవతలా అదే. హమ్మయ్య అనుకుంటుండగా తెర మీదికి వంగి, వేలు ఎడమ కనుబొమ పైన పెట్టింది.

"మరి ఇక్కడి గుంటేదే?"

"ఏ గుంట?"

కళ్ళజోడు తీసి మొహం నా వైపు తిప్పింది. కనుబొమ పైన, జొన్నగింజంత. "ఆటలమ్మ పోసినప్పటిది. ఆరేళ్ళు నాకు. గోక్కోవద్దంటే వినలేదు."

రెండు వారాల్లో పోయేది తియ్యాలి, ఉండిపోయేది ఉంచాలి. ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునే నియమం అది, నేనూ పదిమందికి చెప్పాను. ఆ గుంటని మాత్రం ఏ దోమకాటో అనుకుని మొదటి ఐదు నిమిషాల్లోనే లేపేశాను. అరవై నాలుగేళ్ళ దోమకాటు.

మచ్చల లేయర్ ఎంచుకుని, ఇరేజర్ చిన్నది చేసి, కనుబొమ పైన ఒక్కసారి నొక్కాను.

"ఆఁ, అదీ" అంది పెద్దమ్మ.